కారు పనులు ఎలక్ట్రిక్ సైకిల్ మీద: మొదటి లెక్క నుంచి పంక్చరు దాకా

రోజూ కారు తీసే పనుల్లో చాలా వరకు చిన్న దూరాలవే. ఆఫీసు, బడి, సరుకులు, మందుల షాపు, బ్యాంకు. ఒక మనిషినీ ఒక సంచినీ ఐదారు కిలోమీటర్లు చేర్చడానికి టన్నుకు పైగా బరువున్న బండిని కదిలిస్తాం. కారును ఎక్కువగా పాడుచేసేవి కూడా ఈ పొట్టి ప్రయాణాలే. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే ఇంజన్ ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తనకు కావలసిన వేడికి చేరదు. స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు కూడా బ్యాటరీలోకి తిరిగి రాదు.

ఈ పనులన్నీ ఎలక్ట్రిక్ సైకిల్ చేయగలదు. కానీ కొని గుమ్మం ముందు పెట్టినంత మాత్రాన కారు ఆగదు. తాళం తీసి ఎక్కడమే తరువాయి అన్నట్టు సైకిల్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి: చార్జింగు నిండి, గాలి సరిపడా ఉండి, లైటు వెలిగి, సంచి తగిలించి. వీటిలో ఏది లోపించినా చెయ్యి కారు తాళం వైపే పోతుంది. కింద చెప్పిన ప్రతి పనీ ఆ సిద్ధం కోసమే.

ముందు రెండు వారాల చిట్టా రాయండి

ఏమీ కొనకముందు రెండు వారాల పాటు కారు కదిలిన ప్రతిసారీ ఒక వరుస రాసిపెట్టండి: ఎక్కడికి, ఒకవైపు ఎన్ని కిలోమీటర్లు, వెంట ఎవరు, సామాను ఎన్ని కిలోలు, దారిలో ఎత్తులున్నాయా, అక్కడ బండి నిలపడానికి చోటుందా. తర్వాత ఆ వరుసలను మూడు గుర్తులతో విడదీయండి. సైకిల్ మీద ఇప్పటికిప్పుడు వెళ్లగలిగేవి ఒకటి. సరైన సంచో పిల్లల సీటో ఉంటే వెళ్లగలిగేవి రెండు. కారు తప్పనివి మూడు. చాలామందికి మొదటి రెండు గుర్తులే పేజీని నింపేస్తాయి.

చిట్టాలోంచి ఒక్క అంకెను ప్రత్యేకంగా తీసుకోవాలి: మామూలు రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ తిరిగిన రోజు మొత్తం ఎన్ని కిలోమీటర్లు అయింది? ఆఫీసు, అక్కడి నుంచి బడి, దారిలో సరుకులు, ఇల్లు, అన్నీ కలిపి. బ్యాటరీ సైజును సగటు దూరంతో లెక్కకడితే ఆ రోజే దారిలో చార్జింగు అయిపోతుంది.

సమయం లెక్క కూడా ముందే తేల్చుకోండి. గంటకు 25 కి.మీ. దగ్గర మోటారు సాయం ఆగిపోయే సైకిల్ మీద సిగ్నళ్లు, మలుపులు కలుపుకొని సగటున 17 నుంచి 20 కి.మీ. వేగం వస్తుంది. అంటే 8 కి.మీ. దూరానికి దాదాపు 25 నిమిషాలు. కారు సమయాన్ని ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి కాకుండా ఇంటి గుమ్మం నుంచి పని చోటు గుమ్మం దాకా కొలవండి. పార్కింగు వెతకడం, అక్కడి నుంచి నడవడం కూడా అందులోవే.

బ్యాటరీ ఎంత కావాలి

ఆంపియర్-అవర్ ఒక్కటే చూసి బ్యాటరీలను పోల్చకూడదు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి, అసలు సామర్థ్యం అదే. 36 వోల్టులు, 13 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 468 వాట్-అవర్లు ఉంటాయి. 48 వోల్టులు, 14 ఆంపియర్-అవర్లదైతే 672.

చదును దారిలో మీరూ తొక్కుతూ మధ్యస్థంగా మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు 8 నుంచి 10 వాట్-అవర్లు ఖర్చవుతాయి. ఎత్తులు, బరువు, ఎదురుగాలి ఉంటే 12 నుంచి 15. తొక్కకుండా థ్రాటిల్ (చేత్తో మోటారును నడిపే పిడి) మీదే పోతే 15 నుంచి 20, ఒక్కోసారి ఆపైన కూడా. లెక్కకు 12 తీసుకోండి. మీ అతి పొడవైన రోజు 30 కి.మీ. అనుకుంటే 360 వాట్-అవర్లు కావాలి. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది, చలిలో ఇంకొంత తగ్గుతుంది. అందుకని 360ని 0.7తో భాగించండి. దాదాపు 514 వస్తుంది. కాబట్టి 500 వాట్-అవర్లకు తగ్గకుండా చూడండి. ప్రకటనల్లో కనిపించే గరిష్ఠ దూరం సాధారణంగా తేలికైన మనిషి, చదును రోడ్డు, అతి తక్కువ సాయం లెక్కన చెప్పేది. అందులో సగం వస్తుందనుకొని కొంటే దారిలో ఇబ్బంది పడరు.

కరెంటు ఖర్చు గురించి ఆలోచించే పనే లేదు. కిలోమీటరుకు 10 వాట్-అవర్ల లెక్కన, చార్జర్‌లో పోయేది తీసేసినా, ఒక యూనిట్ కరెంటుతో 85 కి.మీ. పైగా తిరగొచ్చు.

బండి ఎంచుకునేటప్పుడు

మోటారు పెడల్స్ దగ్గర ఉండేది ఒక రకం, చక్రం మధ్యలో ఉండేది ఇంకో రకం. మీ దారిలో నూటికి ఆరేడు మీటర్లు లేచే ఎత్తులున్నా, పిల్లల్నీ సరుకుల్నీ రోజూ మోయాల్సి ఉన్నా, పెడల్స్ దగ్గరి మోటారే తీసుకోండి. అది సైకిల్ గేర్ల గుండా పనిచేస్తుంది కాబట్టి ఎత్తులో చిన్న గేరు వేసుకుని నిదానంగా ఎక్కొచ్చు. మీ బలం, మోటారు బలం రెండూ ఒకే చెయిన్ మీద పడటం వల్ల చెయిన్ త్వరగా అరుగుతుంది. వాడకాన్ని బట్టి 1,500 నుంచి 3,000 కి.మీ.కు ఒకసారి మార్చాల్సి రావొచ్చు.

దారి చదునుగా ఉంటే చక్రంలోని మోటారు చాలు. ధర తక్కువ, చెయిన్ మీద భారం పడదు. ఇంకో మేలుంది. పెడల్ తిరగడాన్ని మాత్రమే గమనించే సెన్సార్ ఉన్న బండి అయితే, చెయిన్ తెగినా ఊరికే పెడల్స్ తిప్పుతూ ఇల్లు చేరొచ్చు. దీని బలహీనత పొడవాటి ఎత్తుల్లో బయటపడుతుంది. వేగం బాగా పడిపోయిన చోట మోటారు తిరగడం తగ్గి, తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. అలా పదే పదే కాలితే లోపలి తీగల పూత దెబ్బతింటుంది. వేగం గంటకు 12 కి.మీ. కంటే పడిపోతోందంటే మీరూ గట్టిగా తొక్కాలి, లేదా దిగి నడిపించాలి.

సెన్సార్ రకం చాలామంది అడగరు, కానీ రోజూ కాలికి తెలిసేది అదే. కాలి బలాన్ని కొలిచే టార్క్ సెన్సార్ ఉంటే ఎంత నొక్కితే అంత సాయం వస్తుంది. తిరగడాన్ని మాత్రమే చూసేది పెడల్ కొంత తిరిగాక ఒక్కసారిగా తోస్తుంది, ఆపాక కూడా క్షణం పాటు లాగుతుంది. వెనక 20 కిలోల బరువుతో ఇరుకు మలుపు తిరిగేటప్పుడు ఆ తోపు ప్రమాదకరం. కారు బదులుగా వాడే బండికి టార్క్ సెన్సార్ మీద పెట్టిన అదనపు డబ్బు వృథా కాదు.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్కువే ఉండాలి. బండి 25 కిలోలు, మనిషి 75, సామాను 25 కలిపితే 125 కిలోలు. వానలో అంత బరువును రిమ్ముకు రబ్బరు నొక్కే బ్రేకులతో ఆపాలంటే చాలా దూరం పడుతుంది. ముందు డిస్కు 180 మి.మీ. ఉంటే మేలు. టైర్లు 47 నుంచి 57 మి.మీ. వెడల్పున్నవి, లోపల పంక్చరు అడ్డుపొర ఉన్నవి చూడండి.

ఫ్రేము మీదో పుస్తకంలోనో మొత్తం అనుమతించిన బరువు రాసి ఉంటుంది. బండి, మనిషి, సామాను అన్నీ అందులోకే వస్తాయి. క్యారియర్‌కు వేరే పరిమితి ఉంటుంది, సాధారణంగా 25 నుంచి 27 కిలోలు. వెనక పిల్లల సీటు గానీ ఎత్తైన సామాను గానీ పెట్టేవారు మధ్య కడ్డీ కిందికి ఉన్న ఫ్రేము తీసుకోవాలి. వెనక సీటుండగా కాలు పైనుంచి తిప్పి ఎక్కడం కుదరదు.

నడిపి చూసేటప్పుడు ఖాళీ బండిని షాపు ముందు ఒక చుట్టు తిప్పి వచ్చేయకండి. 15 కిలోల బరువున్న సంచి తగిలించండి. ఎత్తులో ఆగి మళ్లీ బయలుదేరండి. మోటారు ఆపేసి అర కిలోమీటరు తొక్కండి. మీ ఇంటికి మెట్లుంటే బండిని చేతులతో ఎత్తి చూడండి. 25 కిలోల సైకిల్‌ను రోజూ రెండంతస్తులు మోయడం ఎవరూ ఎక్కువ కాలం చేయరు. కింద తాళం వేసే చోటు లేనివారు బండి కంటే ముందు చోటు చూసుకోవాలి.

బ్యాటరీకి, బండి విద్యుత్ వ్యవస్థకు ఏ ప్రమాణం కింద పరీక్ష జరిగిందో అడగండి. యూరప్‌లో ఈఎన్ 15194, అమెరికాలో యూఎల్ 2849 అన్నవి అలాంటివే. అదే బ్యాటరీ విడిగా దొరుకుతుందా అన్నది రెండో ప్రశ్న. దొరకకపోతే నాలుగైదేళ్లకు బండి మొత్తం మూలపడుతుంది. బ్యాటరీ తాళం మీది నంబరును కొన్న రోజే ఫోటో తీసి దాచుకోండి.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 250 వాట్లు, తొక్కితేనే సాయం, గంటకు 25 కి.మీ. దగ్గర సాయం ఆగడం, ఈ మూడూ ఉంటే సైకిల్ కింద లెక్క. భారతదేశంలో కూడా 250 వాట్లు, 25 కి.మీ. అన్నవే గీతలు. అమెరికాలో చాలా రాష్ట్రాలు మూడు తరగతులుగా విడదీశాయి, వేగం హద్దు మొదటి రెండింటికి గంటకు 32 కి.మీ., మూడోదానికి 45 కి.మీ. హద్దు దాటిన బండికి రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు కావాల్సి రావొచ్చు. వేగం పెంచే చిట్కా పరికరాలు తగిలిస్తే వారంటీ పోతుంది, ప్రమాదం జరిగితే చట్టం ముందు అది సైకిల్‌గా నిలబడదు.

బండితో పాటే కొనాల్సినవి

బండి ధరలో ఐదో వంతు దాకా వీటికి పక్కన పెట్టుకోండి. తర్వాత చూద్దాంలే అనుకున్నవారి బండి మొదటి వాన దగ్గరే ఆగిపోతుంది.

ముందూ వెనకా పూర్తి పొడవు మడ్‌గార్డులు ఉండాలి, ముందు దానికి కింద రబ్బరు ముక్క ఉంటే బూట్లు తడవవు. క్యారియర్ పక్కన తగిలించే రెండు సంచులు, నీరు చొరనివి. వీపు సంచి వద్దు: వీపు చెమటకు మూలం అదే, బరువు కూడా పైకి పోతుంది. లైట్లు బండి బ్యాటరీతోనే వెలిగేవి అయితే విడిగా చార్జి చేసే పని తప్పుతుంది. రెండు కాళ్ల స్టాండు లేకుండా సరుకులు ఎక్కించడం నరకం. ఒంటి కాలు స్టాండు మీద ఒక పక్క సంచి నింపగానే బండి పడిపోతుంది.

తాళాలు రెండు, వేర్వేరు రకాలవి. యు ఆకారపు గట్టి తాళాన్ని ఫ్రేము, వెనక చక్రం, భూమిలో పాతిన కడ్డీ మూడింటినీ కలిపి వేయాలి. రెండోది గొలుసో మడత తాళమో ముందు చక్రానికి. రెండు రకాల తాళాలకు రెండు రకాల పనిముట్లు కావాలి, దొంగ సాధారణంగా ఒకటే తెస్తాడు. తాళం లోపల ఖాళీ ఎంత తక్కువుంటే పనిముట్టు దూర్చడం అంత కష్టం. తాళం నేలను తాకేలా వేలాడదీయకండి, నేల ఆనిక దొరికితే సుత్తి దెబ్బకు బలం వస్తుంది. తీయగలిగిన బ్యాటరీ, డిస్‌ప్లే మీ వెంట తీసుకెళ్లండి.

చార్జింగ్

చార్జర్‌కు ఒక స్థిరమైన చోటు చూడండి: గట్టి నేల, చుట్టూ బట్టలూ కాగితాలూ లేనిది, బయటికి పోయే ఒకే దారికి అడ్డం కానిది. ఆఖరిది చాలా ముఖ్యం. లిథియం బ్యాటరీ అంటుకుంటే నిమిషాల్లో గదంతా పొగ నిండుతుంది, అది తలుపు దగ్గరే ఉంటే బయటపడే దారి ఉండదు. ఆ గదిలో పొగ అలారం పెట్టండి. ఇల్లంతా నిద్రపోయే వేళ చార్జింగుకు పెట్టకండి. బండితో వచ్చిన చార్జరే వాడండి. పిన్ను సరిపోయిందని వేరేది పెడితే వోల్టేజి సరిపోకపోవచ్చు. 36 వోల్టుల బ్యాటరీ నిండేది 42 వోల్టుల దగ్గర, 48 వోల్టులది 54.6 దగ్గర. ఒకదాని చార్జరు ఇంకోదానికి ప్రాణాంతకం.

13 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 2 ఆంపియర్ల చార్జరుతో ఖాళీ నుంచి నిండటానికి ఏడు గంటల దాకా పడుతుంది. ఇంటికి రాగానే అరగంట చల్లారనిచ్చి పెట్టండి. బయట గడ్డకట్టే చలి ఉంటే బ్యాటరీని లోపలికి తెచ్చి గది వేడికి వచ్చాకే చార్జి చేయాలి. సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జి చేస్తే లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. చలిలో నడపడం మాత్రం ఫర్వాలేదు, దూరం తగ్గుతుందంతే.

మామూలు రోజుల్లో 80 శాతం దగ్గర ఆపేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, టైమర్ స్విచ్ ఉంటే అది తేలిక. కానీ నెలకోసారైనా పూర్తిగా నింపండి. లోపలి సెల్స్ అన్నిటినీ సమానం చేసే పని చాలా బ్యాటరీల్లో ఆ చివర్లోనే జరుగుతుంది. నెలల తరబడి వాడనప్పుడు 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి చల్లని చోట పెట్టండి. ఉబ్బిన, పగిలిన, ఘాటైన వాసన వస్తున్న, చార్జింగులో చెయ్యి పెట్టలేనంత వేడెక్కిన బ్యాటరీని మళ్లీ చార్జి చేయకూడదు. ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా పెట్టి, అలాంటివి తీసుకునే కేంద్రానికి అప్పగించండి.

దారి

కారు దారి సైకిల్‌కు మంచి దారి కాదు. సెలవు రోజు ఉదయం, తొందర లేనప్పుడు, ప్రతి రోజువారీ గమ్యానికి రెండు మూడు దారులు తొక్కి చూడండి. అర కిలోమీటరు ఎక్కువైనా నెమ్మదైన వీధుల గుండా పోయేదే తీసుకోండి, మోటారు ఉంది కాబట్టి ఆ దూరం భారం కాదు. తర్వాత పనివేళలో ఒకసారి చూడాలి, అదే వీధి బడి వదిలే సమయంలో వేరే ఉంటుంది.

ఆపిన కార్ల పక్కన పోయేటప్పుడు మీటరున్నర దూరం పాటించండి, తలుపు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. రైలు పట్టాలను వీలైనంత అడ్డంగా దాటాలి, ఏటవాలుగా దాటితే చక్రం పట్టా పక్క సందులో పడుతుంది. తడిసిన మ్యాన్‌హోల్ మూతల మీద తిప్పడం, బ్రేకు వేయడం రెండూ వద్దు. సైకిల్ ఇంత వేగంగా వస్తుందని కూడలిలో కారు నడిపేవారు అనుకోరు. వాళ్ల చూపు మీ మీద పడిందని రూఢి అయ్యేదాకా బ్రేకు మీద వేళ్లు ఉంచండి.

నడిపే తీరు

సీటు ఎత్తు: మడమ పెడల్ మీద పెట్టి పెడల్ అట్టడుగుకు తెస్తే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు కిందికి ఉంటే మోకాళ్ల నొప్పులు తప్పవు.

ఆగే ముందే చిన్న గేరుకు మారండి. ఆగిపోయాక చాలా గేర్లు మారవు, పెద్ద గేరులో బరువుతో బయలుదేరితే చెయిన్ మీదా మోకాలి మీదా ఒకేసారి భారం పడుతుంది. పెడల్స్ దగ్గర మోటారున్న బండిలో గేరు మార్చే క్షణంలో కాలి బలం తగ్గించాలి. కటక్‌మని గట్టిగా శబ్దం వచ్చిందంటే బలం తగ్గించలేదన్నమాట.

బరువు ఎంత కిందికి ఉంటే అంత మంచిది. బరువైనవి సంచుల అడుగున, రెండు పక్కలా సమానంగా సర్దండి. పిల్లల వెనక సీట్లు చాలా వరకు 22 కిలోల దాకానే. పిల్లలు సీట్లో ఉండగా బండిని స్టాండు మీద వదిలి చేతులు తీయకూడదు. ఇద్దరు పిల్లలు, లేదా వారానికి సరిపడా సరుకులు మీ చిట్టాలో ఎక్కువగా ఉంటే మామూలు సైకిల్‌ను బలవంతపెట్టకుండా, క్యారియర్ పొడవుగా ఉన్న కార్గో సైకిల్ చూడండి. వాటిలో చాలా వాటికి మొత్తం బరువు పరిమితి 180 కిలోలు, ఆపైన ఉంటుంది.

చెమటకు మందు సాయం స్థాయిని ఎప్పుడు పెంచాలో తెలియడమే. బయలుదేరేటప్పుడు తక్కువ పెట్టినా, ఆఖరి రెండు కిలోమీటర్లు ఎక్కువ సాయంతో నెమ్మదిగా తొక్కితే ఒళ్లు చల్లబడి చేరతారు. వానకోటు, ప్యాంటు, బూట్ల తొడుగులు సంచిలోనే శాశ్వతంగా ఉండాలి. మబ్బు చూసి పెట్టుకుందామంటే ఎప్పుడూ మర్చిపోతారు. ఒక జత పొడి సాక్సులు కూడా.

సర్వీసు, పంక్చరు

కొత్త బ్రేకులు మొదటి రోజే ఆపవు. ఖాళీ రోడ్డు మీద గంటకు 20 నుంచి 25 కి.మీ. వేగం తెచ్చి, నడక వేగం దాకా గట్టిగా తగ్గించండి, చక్రం జారకూడదు. ఇలా ఒక్కో బ్రేకుతో ఇరవై సార్లు చేయాలి. ప్యాడ్ల మీది పదార్థం డిస్కుకు సమంగా అంటి అప్పుడు పట్టు వస్తుంది. ప్యాడ్ పదార్థం 1 మి.మీ. కంటే తగ్గితే మార్చండి. డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, చాలా వాటికి 1.5 మి.మీ.

వారానికోసారి గాలి చూడాలి. 50 మి.మీ. టైరుకు 2.5 నుంచి 3.5 బార్, అంటే దాదాపు 36 నుంచి 51 పీఎస్‌ఐ, బరువుంటే పై అంకె. మొదటి 200, 300 కి.మీ. తర్వాత వెనక చక్రం స్పోకులు బిగించడం తప్పనిసరి, మోటారు చక్రానికి మరీను. స్పోకులను జతలుగా వేళ్లతో నొక్కి చూడండి. మిగతావాటి కంటే మెత్తగా ఉన్నది త్వరలో తెగబోయేదే. చెయిన్‌ను స్టీలు స్కేలుతో కొలవొచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి ముందుకు 24 పిన్నులు లెక్కపెడితే కొత్తలో 304.8 మి.మీ. ఉంటుంది. అది 306.5కి వచ్చిందంటే మార్చే సమయం. ఇంకా లాగితే వెనక పళ్ల చక్రం కూడా పోతుంది. గట్టి ధారతో నీళ్లు కొట్టి కడగకండి, బేరింగుల్లోకీ కనెక్టర్లలోకీ నీరు పోతుంది.

మోటారు చక్రం పంక్చరంటే చాలామంది భయపడతారు. చక్రం ఊడదీయకుండానే వేయొచ్చు:

1. బండి ఆపి బ్యాటరీ తీసేయండి. చక్రం నెమ్మదిగా తిప్పుతూ మేకు, ముల్లు, గాజు ముక్క వెతకండి. దొరికితే ఆ చోట గుర్తు పెట్టాకే పీకండి.
2. గాలి పూర్తిగా తీసి, టైరు అంచులను రెండు వైపులా రిమ్ము మధ్య గుంటలోకి నొక్కండి. అంచు వదులయ్యేది అప్పుడే.
3. చెయిన్ లేని వైపు నుంచి, గుర్తుకు అటూ ఇటూ ఒక జానెడు అంచు బయటికి లాగి ట్యూబు తీయండి. బ్రేకు డిస్కుకు వేళ్లు తగలనీయకండి, చేతి జిడ్డు అంటితే ప్యాడ్లు పాడవుతాయి.
4. కొద్దిగా గాలి కొట్టి రంధ్రం పట్టుకోండి. గరుకు కాగితంతో రుద్ది, జిగురు పలుచగా రాసి, తడి మెరుపు పోయేదాకా ఐదు నిమిషాలు ఆగండి. తడి జిగురు మీద అతికించినవే మర్నాటికి ఊడేది. ఆరాక అతుకు పెట్టి గట్టిగా నొక్కండి.
5. టైరు లోపల గుడ్డతో తుడుస్తూ పోండి, గుడ్డ చిక్కుకున్న చోట ఇంకా ముల్లుంది. వేలితో వెతికితే వేలు తెగుతుంది.
6. ట్యూబులో కొంచెం గాలి ఉంచి లోపలికి తోసి, అంచును చేత్తోనే ఎక్కించండి. సగం గాలి కొట్టి, టైరు అంచు గీత రిమ్ము చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూసి మిగతాది కొట్టండి.

చక్రం తీయక తప్పకపోతే ముందు వాషర్ల వరుసను ఫోటో తీయండి. మోటారు తీగ కనెక్టరును మెలి తిప్పకుండా నేరుగా లాగాలి, కలిపేటప్పుడు రెండు బాణాలు ఎదురెదురుగా రావాలి. ఇరుసు నట్లు చాలా వాటికి 18 మి.మీ. పానా పడుతుంది. బిగింపు 35 నుంచి 40 న్యూటన్-మీటర్లు. పన్ను ఉన్న వాషరు ఫ్రేము గాడిలోనే కూర్చోవాలి. అది తప్పినా నట్టు వదులైనా మోటారు తోపుకు ఇరుసే తిరిగి తీగను తెంపుతుంది, ఫ్రేము గాడి కూడా పాడవుతుంది.

మోటారు పలకకపోతే

షాపుకు పోయే ముందు నాలుగు చూడండి. బ్రేకు పిడి పూర్తిగా వెనక్కి వచ్చిందా? బ్రేకు వేస్తే మోటారును ఆపే స్విచ్ ఉన్న బండ్లలో, పిడి కొంచెం లోపల చిక్కుకున్నా మోటారు తిరగదు. వెనక స్పోకు మీది అయస్కాంతం జరిగిందా? ఫ్రేము మీది సెన్సార్‌కు దానికి మధ్య ఖాళీ 5 నుంచి 15 మి.మీ. లోపల లేకపోతే వేగం చదవలేక లోపం అంకె చూపిస్తుంది. మూడోది, బ్యాటరీ దాని గూట్లో కదులుతోందా? గతుకుల్లో కరెంటు క్షణం పోయి వస్తుంటే కారణం అదే, పిన్నుల మీద నల్లటి కాలిన మచ్చ కూడా కనిపిస్తుంది. చివరగా కనెక్టర్లు: వాన తర్వాత విడదీసి ఆరబెట్టి మళ్లీ బిగించండి.

చార్జింగు 20 శాతం చూపిస్తూనే ఎత్తులో ఒక్కసారిగా ఆగిపోతే బ్యాటరీ పోయిందని కంగారు పడక్కర్లేదు. భారం పడ్డప్పుడు వోల్టేజి పడిపోయి రక్షణ సర్క్యూటు ఆపేస్తుంది. సాయం తగ్గించి మళ్లీ ఆన్ చేస్తే ఇల్లు చేరొచ్చు. 50 శాతం దగ్గరే ఇలా జరుగుతుంటే మాత్రం సెల్స్ పరీక్ష చేయించాలి.

కారును ఏం చేయాలి

వెంటనే అమ్మకండి. ఇంట్లో రెండు కార్లుంటే రెండోదానితో మొదలుపెట్టడం సులువు. మూడు నెలలు తాళాన్ని బీరువాలో పెట్టి, కారు తీసిన ప్రతిసారీ కారణం ఒక కాగితం మీద రాయండి. ఊరికే నిలిపిన కారు బ్యాటరీ కొన్ని వారాల్లో దిగిపోవచ్చు, అందుకని పది పదిహేను రోజులకోసారి అరగంట నడపండి, లేదా గోడ ప్లగ్గుకు పెట్టే మెయింటైనర్ చార్జరు తగిలించండి. టైర్లలో గాలి పూర్తిగా ఉంచండి.

మూడు నెలల తర్వాత ఆ కాగితాన్ని చదవండి. నెలకు ఒకటి రెండు సార్లే తీశారంటే కారు ఏడాది ఖర్చంతా కూడండి: ఇన్సూరెన్సు, సర్వీసు, పార్కింగు, అమ్మకం ధరలో ఏటా తగ్గేది. దాన్ని తీసిన సార్లతో భాగిస్తే ఒక్కో ప్రయాణానికి ఎంత పడిందో తెలుస్తుంది. అదే ప్రయాణానికి ట్యాక్సీకో అద్దె కారుకో ఎంతవుతుందో పక్కన రాసి పోల్చండి. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాల్సి వస్తే ఎవరిని పిలవాలో కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అది తేలకుండా అమ్మితే నెలలోపే ఇంకో కారు కొంటారు. అమ్మడమే ఖాయమైతే యాజమాన్యం బదిలీ అయినట్టు కాగితం చేతికి వచ్చాకే ఇన్సూరెన్సు రద్దు చేయించండి. ఆ కాగితం వచ్చేదాకా బండి ఎవరి చేతిలో ఉన్నా బాధ్యత మీ పేరు మీదే ఉండొచ్చు.